సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి ఇంటి గరాజ్‌లోనే క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ బిగించుకోవడం

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాకు ఏడు గంటలు పట్టింది. కొత్త గొట్టాలు ఎక్కించడానికి అందులో గంటన్నర కూడా పట్టలేదు. మిగతా పొద్దంతా పాత బోల్టులతో కుస్తీకీ, ఒకసారి బిగించినవాటిని మళ్లీ విప్పడానికీ పోయింది. కారు 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. మిషిగన్‌లో కొన్ని చలికాలాలు ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగి, మాతోపాటే డాలస్ శివారుకు మకాం మార్చింది. ఆ తర్వాత మా బావమరిది తన కారుకూ వేసుకుంటానంటే, ఇద్దరం కలిసి మూడు గంటల్లో ముగించాం. ఆ నాలుగు గంటలు ఎక్కడ మిగిలాయో చెప్పడానికే ఇది రాస్తున్నా.

రాసేది 2015 నుంచి 2021 దాకా వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్ గురించి. వేరే టర్బో కారైనా పని వరస ఇదే, బోల్టుల కొలతలూ, గొట్టాలను వేలాడదీసే హ్యాంగర్ల చోట్లూ మాత్రం మారతాయి.

ఏది మారుస్తున్నాం, దేని జోలికి పోవట్లేదు

ఈ కారులో 2 లీటర్ల ఎఫ్‌ఏ20 బాక్సర్ ఇంజిన్ ఉంటుంది, 268 హార్స్‌పవర్. పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కే టర్బో, ఇంజిన్‌కు ముందు భాగంలో, కింద ఉంటుంది. అందులో పొగ తిప్పే చక్రం, అంటే టర్బైన్ నుంచి, వేడి పొగ నేరుగా జె-పైపులోకి దూరుతుంది. ఆకారం ఇంగ్లిష్ జె అక్షరంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ (క్యాట్), ఆక్సిజన్ సెన్సర్లూ ఉండేది ఆ ముందు భాగంలోనే. అక్కడి నుంచి కారు నడుము కింద ఒక పొడవాటి మిడ్-పైపు, వెనక అది రెండుగా చీలి రెండు సైలెన్సర్లు, నాలుగు గొట్టపు మూతులు. క్యాట్ దాటాక ఉన్న ఈ మొత్తమే క్యాట్-బ్యాక్. మనం మార్చేది ఇంతే.

పవర్ పెరుగుతుందా అని అందరూ అడిగే మొదటి ప్రశ్న. పెరిగినా సీట్లో కూర్చున్నవాడికి తెలియనంత. టర్బైన్‌ను తిప్పేది దానికి ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య తేడా. వెనక ఒత్తిడి తగ్గితే టర్బో త్వరగా అందుకుంటుంది, నిజమే. కానీ ఆ దారిలో అసలు బిగింపు ఉన్నది క్యాట్‌తో సహా జె-పైపులో. సైలెన్సర్లు మార్చినంత మాత్రాన ఆ గొంతు విప్పారదు. పోనీ జె-పైపే మార్చేద్దామంటే అది వేరే కథ: ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అనుకున్నదానికంటే పైకి పోతుంది, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) లేకుండా నడిపితే ఇంజిన్‌కే ప్రమాదం. క్యాట్ తీసేస్తే, అది సరిగా పనిచేయట్లేదని చెప్పే పీ0420 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అన్నిటికీ మించి, అమెరికా ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం క్యాట్ తీయడం చట్టవిరుద్ధం. కాబట్టి క్యాట్-బ్యాక్ వేసుకునేది శబ్దం కోసం, కొంచెం బరువు తగ్గడం కోసం, చూడ్డానికి బాగుంటుందని. ఈ మూడూ చాలనుకుంటేనే డబ్బు పెట్టండి. దీనికి ట్యూన్ అక్కర్లేదు.

శబ్దం గురించి ఒక మాట. పాత సుబారుల్లో వినిపించే ఆ గుడగుడ కోసం దీన్ని కొనేవాళ్లున్నారు, వాళ్లకు నిరాశ తప్పదు. ఆ గుడగుడ పాత ఈజే ఇంజిన్లలో హెడర్ గొట్టాలు (సిలిండర్ల నుంచి పొగను తెచ్చేవి) ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కావడం వల్ల పుట్టింది. ఎఫ్‌ఏ20లో గొట్టాల పొడవులు సమానం. ఎంత ఖరీదైన సైలెన్సర్ వేసినా ఇది నున్నగానే ఉరుముతుంది.

కొనేముందు

మూడు విషయాలు చూసుకుంటే చాలు. మొదటిది లోహం. 304 రకం స్టెయిన్‌లెస్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 409 రకంలో క్రోమియం 11 శాతం దగ్గర, నికెల్ లేనట్టే. ఉప్పు రోడ్ల ఊళ్లో ఉంటే 304 తీసుకోండి. పెట్టె రాగానే ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పట్టుకొచ్చి గొట్టానికి ఆనించండి. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు. టెక్సస్ లాంటి చోట 409 అయినా ఏళ్ల తరబడి నడుస్తుంది, దానికోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు.

రెండోది రెసొనేటర్. మిడ్-పైపు మధ్యలో చిన్న డోలులా ఉండే భాగం అది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 సార్లు పేలుస్తుంది. హైవే మీద సరిగ్గా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది కాబట్టి ఆ 100 హెర్ట్జ్ హోరు క్యాబిన్ అంతా నిండుతుంది. దీన్నే డ్రోన్ అంటారు. ఊళ్లో పది నిమిషాల ప్రయాణంలో అది తెలియదు. డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా నాలుగు గంటలు నడిపితే, పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు. రెసొనేటర్ ఉన్నదే తీసుకోండి. నేను లేనిది కొని, ఆరు నెలలకు విడిగా రెసొనేటర్ తెచ్చి వేయించాను.

మూడోది చట్టం. టెక్సస్‌లో ఏటా చేయించే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి 1 నుంచి పోయింది కానీ డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. క్యాట్ ముట్టుకోలేదు కాబట్టి అందులో ఇబ్బంది రాదు. సైలెన్సర్ మాత్రం ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి. కాలిఫోర్నియా అయితే కార్లకు 95 డెసిబెళ్ల హద్దుంది, పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనండి. కారు లీజుదైతే ఈ పనే పెట్టుకోవద్దు. వారంటీ గురించి డీలర్ బెదిరిస్తే బెదరక్కర్లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, మీరు వేసిన భాగం వల్లే ఆ చెడు జరిగిందని తేలనిదే వారంటీ కాదనడానికి లేదు.

ఇండియా నుంచి మా పెద్దమ్మ కొడుకు తన టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కు ఇలాగే చేసుకుంటానని అడిగాడు. "వద్దురా" అన్నాను. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ ఇచ్చిన రూపం మార్చడమే తప్పు. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు. శబ్దానికి 190(2) కింద 10,000 దాకా జరిమానా వేరే. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ చిక్కులో పడతాయి. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ చేయకండి.

సామాన్లు

తక్కువ ఎత్తుకు దిగే 3 టన్నుల జాకీ, నాలుగు జాక్ స్టాండ్లు, చక్రాల కింద పెట్టే చెక్కలు. రాచెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, బ్రేకర్ బార్. సాకెట్లలో 14 మి.మీ. డీప్ సాకెట్ ఎక్కువ పడుతుంది, 12, 13, 15, 17 కూడా దగ్గర పెట్టుకోండి. అన్నీ ఆరు మూలలవే కావాలి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు పట్టిన తలను గుండ్రంగా చెక్కేస్తుంది. అదే కొలతలో పానాలు. తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్, సిలికాన్ స్ప్రే, వైరు బ్రష్, మరలు పట్టేయకుండా పూసే నికెల్ యాంటీసీజ్, ఎంత బిగించామో చూపే టార్క్ రెంచి. హ్యాంగర్ రబ్బర్లు ఊడదీసే ప్రత్యేకమైన పట్టకారు ఒకటి దొరుకుతుంది. చవకే, తప్పకుండా కొనండి. రబ్బింగ్ ఆల్కహాల్ ఒక సీసా.

కళ్లద్దాలు. ఇది విడిగా రాస్తున్నా. మొదటిసారి పెట్టుకోకుండా కిందికి దూరి, సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. తుప్పు పొక్కు ఒకటి ఊడి సరిగ్గా కంట్లో పడింది. గంటసేపు కుళాయి కింద తల పెట్టి నిలబడ్డాను. ఏడు గంటల లెక్కలో అదీ ఉంది.

కొత్త డోనట్ గ్యాస్కెట్ ఒకటి ముందే ఆర్డరు పెట్టుకోండి. జె-పైపుకీ మిడ్-పైపుకీ మధ్య కూర్చునే గారె ఆకారపు రింగు అది. చాలా కిట్లలో ఇవ్వరు, పాతదే వాడుకోమంటారు. పాతది చేతికి వచ్చాక పొడి పొడిగా రాలితే ఆదివారం సాయంత్రం ఎక్కడా దొరకదు. ఆ అతుకును పట్టి ఉంచే స్ప్రింగ్ బోల్టులు కూడా రెండు కొత్తవి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ముందు రోజు రాత్రి

కారు పూర్తిగా చల్లారాక, ముందు చక్రాలకు చెక్కలు పెట్టి, కింద చేయి దూరేంత లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి ప్రతి బోల్టు మీదా ఆయిల్ కొట్టండి. మరలు బయటికి కనిపిస్తున్న భాగాన్ని ముందు వైరు బ్రష్‌తో గీకండి. లేకపోతే ఆయిల్ తుప్పు పొర మీదే నిలిచిపోతుంది, లోపలికి ఇంకదు. తర్వాత బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పగిలి సందు ఇస్తుంది. పొద్దున లేచాక ఇంకో విడత. వేడి గొట్టం మీద మాత్రం ఆ ఆయిల్ కొట్టొద్దు, అది మండుతుంది.

బ్యాటరీ తీసేయాలని కొందరు చెబుతారు. ఈ పనికి అక్కర్లేదు. తీస్తే కంప్యూటర్ తన ఎమిషన్స్ స్వపరీక్షల ఫలితాలన్నీ మర్చిపోతుంది. ఆ వారంలోనే పరీక్షకు వెళ్తే "సిద్ధంగా లేదు" అని వెనక్కి పంపుతారు.

లేపడం

మాన్యువల్‌లో చూపిన జాకీ పాయింట్ల దగ్గరే లేపండి. చదునైన కాంక్రీటు మీదే. తారు అయితే ఎండకు మెత్తబడి స్టాండు కాలు దిగబడుతుంది. వెనక చక్రాలు గాల్లోకి లేచాక హ్యాండ్ బ్రేకు మిమ్మల్ని కాపాడదు, అది పట్టేది వెనక చక్రాలనే. అందుకని వెనక లేపేటప్పుడు ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు, గేరు వేసి ఉంచడం తప్పనిసరి. సైలెన్సర్లు ఒక్కటే అయితే వెనక లేపితే సరిపోతుంది. మిడ్-పైపు కూడా దించాలి కాబట్టి నాలుగు మూలలా లేపండి, పడుకుని మోచేయి తిప్పుకునేంత ఎత్తు కావాలి.

జాకీని లేపడానికే వాడండి. దాని మీద వదిలేసి కిందికి దూరకండి. 2020లో అమెరికాలో పెద్ద ఎత్తున అమ్ముడైన కొన్ని జాక్ స్టాండ్లను పళ్లు జారుతున్నాయని వెనక్కి పిలిచారు. అందుకే నేను అడ్డ పిన్ను ఉన్నవే వాడతాను. నాలుగూ కూర్చున్నాక కారును భుజంతో గట్టిగా నెట్టి చూడండి. పడేదైతే మీరు కింద లేనప్పుడే పడనివ్వండి.

పాతది ఊడదీయడం

ముందు ఫోటోలు. ఏ హ్యాంగర్ ఎటు తిరిగి ఉందో, గొట్టానికీ యాక్సిల్‌కీ మధ్య ఎంత సందుందో, మూతులు బంపర్ కోతలో ఎక్కడ కూర్చున్నాయో అన్నీ తీయండి. అమర్చేటప్పుడు ఇవే మీ కొలబద్ద.

వెనక నుంచి ముందుకు రావాలి. సైలెన్సర్ల దగ్గరి ఫ్లాంజ్ (గొట్టాలను కలిపే చదునైన అంచు) బోల్టులు మొదట. తుప్పు పట్టిన నట్టును ఒకే ఊపులో విప్పాలని చూడకండి. పావు చుట్టు వదులు చేసి, ఎనిమిదో వంతు మళ్లీ బిగించి, ఆయిల్ కొట్టి, మళ్లీ వదులు చేయండి. కిర్రుమని అరుస్తుంటే అది వస్తోందన్నమాట. చప్పుడు లేకుండా మెత్తగా తిరగడం మొదలైందా, ఆగండి: మర కాదు, బోల్టే మెలి తిరుగుతోంది, ఇంకో చుట్టుకు తెగుతుంది. నాకు జె-పైపు దగ్గరి స్ప్రింగ్ బోల్టు ఒకటి అలాగే తెగింది. మిగిలిన మొండిని నడిమధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయి తీసేసరికి రెండు గంటలు. బావమరిది కారుకు ముందు రాత్రి ఆయిల్ కొట్టాం, ఉప్పు ఎరగని కారు కూడా. రెండూ చేత్తో తిప్పినట్టు వచ్చాయి.

గ్యాస్ టార్చితో కాల్చితే ఎలాంటి బోల్టైనా వస్తుందని చెబుతారు, నిజమే. కానీ నేల మీద పడుకుని, పెట్రోలు ట్యాంకుకు దగ్గర్లో, ఇప్పుడే ఆయిల్ చల్లిన చోట మంట పెట్టే పని ఇంట్లో నేను చేయను. రానిదాన్ని హాక్సా బ్లేడుతో కోసేస్తాను. పాత బోల్టు ఎలాగూ పారేసేదే.

ఇప్పుడు రబ్బర్లు. మనుషుల్ని ఏడిపించేది ఇవే. సైలెన్సర్‌కు అతికించిన ఇనుప కడ్డీ చివర పుట్టగొడుగు తలలా ఉబ్బి ఉంటుంది. ఆ తల దళసరి రబ్బరు చిల్లులోంచి వెనక్కి దూరి రావాలి. చేత్తో లాగితే రాదు, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే జారి చేతికి గుచ్చుకుంటుంది. రబ్బరుకూ కడ్డీకీ మధ్య సందులో సిలికాన్ స్ప్రేనో, గిన్నెలు తోమే సబ్బు నీళ్లో పోయండి. పెట్రోలియం నూనెలు వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పట్టకారు ఒక దవడను కడ్డీ కొన మీద, ఇంకోదాన్ని రబ్బరు వెనక పెట్టి నొక్కండి. రబ్బరు ముందు మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా టప్పుమని జారి వస్తుంది. పగుళ్లు కనిపిస్తే కొత్తవి వేయండి.

సైలెన్సర్ చివరి రబ్బరు తీసేముందు కింద ఎవరైనా పట్టుకోవాలి, లేదా జాకీ మీద పాత తువ్వాలు వేసి ఆనించాలి. సగం నీళ్లున్న బిందెంత బరువు ముఖం మీదికి వస్తుంది.

"బావా, వదిలేయనా?"

"నేను అన్నాక వదులు. ఇంకా ఒక రబ్బరుంది."

"నువ్వు ఒకటే అని రెండు తీశావ్ ఇందాక."

అందుకే లెక్కపెట్టి ఫోటో తీసుకోమన్నది.

సైలెన్సర్లు దిగాక మిడ్-పైపు. మధ్యలో ఒకచోట, వెనక ఒకచోట ఆసరా పెట్టి, ముందున్న రెండు స్ప్రింగ్ బోల్టులు చివర్లో విప్పండి. ఆసరా లేకుండా విప్పితే పైపు బరువంతా జె-పైపు మీద వేలాడి, దాని ఫ్లాంజ్‌ను వంచుతుంది. డోనట్ రింగు జె-పైపు మూతికి అంటుకుని ఉంటే నెమ్మదిగా తిప్పుతూ తీయండి. అది కూర్చునే అంచును వైరు బ్రష్‌తో మెరిసేదాకా కాకపోయినా పొరలు లేకుండా గీకండి.

కొత్తది: అన్నీ వదులుగా

నేను మొదటిసారి చేసిన అసలు పొరపాటు ఇక్కడే. మిడ్-పైపు పెట్టగానే టార్క్ రెంచితో బుద్ధిగా బిగించేశాను. తర్వాతిది పెట్టి దాన్నీ బిగించాను. చివరికి వచ్చేసరికి ఎడమ మూతి బంపర్‌ను తాకుతోంది, కుడిది రెండు వేళ్లు కిందికి వేలాడుతోంది. ముందు అతుకులో ఒక డిగ్రీ వంకర, రెండు మీటర్ల వెనక మూడున్నర సెంటీమీటర్లవుతుంది. అన్నీ విప్పి మొదటి నుంచి చేశాను.

కాబట్టి ముందు పెట్టెలోని ముక్కలన్నీ కారు పక్కన నేల మీద, కారులో ఉండే వరసలోనే పరచండి. బోల్టులు, క్లాంపులు, గ్యాస్కెట్లు వాటి వాటి అతుకుల దగ్గర పెట్టండి. ఏదైనా తక్కువైతే ఇప్పుడే తెలుస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు అయితే మరలకు నికెల్ యాంటీసీజ్ పల్చగా పూయండి. ఈ రెండూ రాసుకుంటే వేడెక్కి ఒకదానికొకటి వెల్డింగ్ చేసినట్టు పట్టేస్తాయి. అందుకే ఇంపాక్ట్ గన్ కూడా దీనికి వాడకండి. యాంటీసీజ్ పూశాక అదే టార్క్ అంకెకు బోల్టు ఇంకా ఎక్కువ బిగుస్తుందని గుర్తుంచుకుని, చివర్లో చేయి కాస్త తగ్గించండి.

మిడ్-పైపును రబ్బర్లకు తగిలించి, కొత్త డోనట్ పెట్టి, స్ప్రింగ్ బోల్టులు నాలుగైదు మరలు మాత్రం చేత్తో ఎక్కించండి. తర్వాత వై-పైపు (రెండుగా చీలే ముక్క), సైలెన్సర్లు, మూతులు. ఒకదాంట్లో ఒకటి దూరే అతుకులుంటే ఎంత లోపలికి పోవాలో కిట్ కాగితంలో ఉంటుంది. మార్కర్‌తో ముందే గీత పెట్టుకుంటే తర్వాత వెనక్కి జారిందో లేదో కంటికి తెలుస్తుంది. క్లాంప్ బోల్టు నేల వైపు వేలాడకుండా పక్కకు తిప్పండి, లేకపోతే మొదటి స్పీడ్ బ్రేకర్ దాన్ని ఊడగొడుతుంది.

ఈ దశలో మొత్తం గొట్టం ఊయలలా ఊగుతూ ఉండాలి. ఊగకపోతే ఎక్కడో ఏదో పట్టేసింది.

సరిచూడడం

తొందరపడకుండా అరగంట ఇక్కడ పెట్టండి. వేడెక్కితే లోహం సాగుతుంది. 304 స్టెయిన్‌లెస్ మీటరుకు, డిగ్రీకి సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. రెండున్నర మీటర్ల గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే 12 మి.మీ. దాటి పొడుగవుతుంది. ముందు చివర జె-పైపుకు కట్టేసి ఉంది కాబట్టి ఆ పొడుగంతా వెనక్కే వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రబ్బర్లు కొద్దిగా ముందుకు లాగినట్టు ఉన్నా ఫరవాలేదు, వేడి మీద సర్దుకుంటాయి. మూతికీ బంపర్ కోతకీ మధ్య అన్ని వైపులా బొటనవేలు దూరాలి. మూతి అంచు బంపర్ కంటే కొంచెం బయటికి ఉండాలి. లోపలికి ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది.

తర్వాత లైటు పట్టుకుని మొత్తం పొడవునా చూడండి: ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక డిఫరెన్షియల్, స్వే బార్, హీట్ షీల్డులు, బ్రేకు గొట్టాలు. చేత్తో గొట్టాన్ని అన్ని వైపులా ఊపి దేనికైనా తగులుతోందేమో వినండి. ఇప్పుడు టంగుమంటే రోడ్డు మీద రోజంతా టంగుమంటుంది. వెనక బంపర్ నుంచి పది అడుగులు దూరం జరిగి, మోకాళ్ల మీద కూర్చుని నాలుగు మూతులూ ఒకే గీత మీద ఉన్నాయో చూడండి. కింద పడుకున్నవాడికి అది ఎప్పటికీ తెలియదు, రెండో మనిషి కావాల్సింది ఇందుకే.

బిగింపు

ముందు నుంచి వెనక్కి. స్ప్రింగ్ బోల్టులు రెండూ మార్చి మార్చి, ఒక్కోసారి రెండు చుట్లు. భుజం (మర అయిపోయి బోల్టు లావయ్యే చోటు) ఉన్న రకమైతే అది ఫ్లాంజ్‌కు తగలగానే ఆగిపోతుంది. ఆ ఆగినచోటే దాని చోటు. ఇంకా తిప్పితే తెగుతుంది. స్ప్రింగు పూర్తిగా నలిగిపోకూడదు, అతుకు కొద్దిగా కదలడానికే అక్కడ స్ప్రింగు పెట్టింది. తర్వాత మధ్య ఫ్లాంజ్, క్లాంపులు, చివర్లో సైలెన్సర్లు. అంకెలు కిట్ కాగితంలో ఏవి ఉంటే అవే, ఒక్కో కంపెనీ క్లాంపు ఒక్కో రకం. ఒక్కో అతుకు బిగించాక వెనక్కి వెళ్లి మూతులు చూడండి. కదిలితే అక్కడికక్కడే సరిచేయవచ్చు.

అంతా అయ్యాక, ఇంజిన్ తిప్పకముందే, గొట్టాలన్నీ రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. వేలిముద్రల జిడ్డు మొదటి వేడికి కాలి స్టెయిన్‌లెస్ మీద గోధుమ రంగు మచ్చలుగా శాశ్వతంగా ఉండిపోతుంది. మా కారు కుడి మూతి మీద నా బొటనవేలు ఇప్పటికీ ఉంది.

లీకు పట్టడం

చల్లగా ఉన్నప్పుడే ఇంజిన్ తిప్పకుండా చేసే పద్ధతి నాకు నచ్చింది. షాప్ వ్యాక్యూమ్ గొట్టాన్ని ఊదే వైపు తగిలించి ఒక మూతిలో పెట్టి, మిగతా మూడు మూతుల్లో గుడ్డలు కుక్కండి. ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు చల్లండి. లీకున్నచోట బుడగలు పొంగుతాయి. స్ప్రింగ్ అతుకు దగ్గర ఒకటి రెండు చిన్న బుడగలకు కంగారు పడొద్దు, వేడికి డోనట్ కూర్చుంటుంది. నురగలా పొంగితే డోనట్ వంకరగా కూర్చుందన్నమాట, విప్పి మళ్లీ పెట్టండి.

ఆ తర్వాత గుడ్డలన్నీ తీశారని లెక్కపెట్టుకుని, గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి, కింద ఎవరూ లేకుండా ఇంజిన్ తిప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపు సగం తెరిచి "రెండు నిమిషాలే కదా" అనుకునే పని ఇది కాదు. మొదటి నిమిషంలోనే వినండి. కుట్టుమిషన్ లాంటి టకటక వస్తే అతుకులో లీకు. గజ్జెల చప్పుడు వస్తే హీట్ షీల్డ్ తగులుతోంది. ఒక్క బుస్సుమనే శబ్దమైతే క్లాంప్ ఇంకా వదులు. ఈ లీకులు సెన్సర్ల వెనకవి కాబట్టి కంప్యూటర్‌కు తెలియవు, లైటు వెలగదు. కానీ పొగ వచ్చేది మీరు కూర్చునే చోటి కిందే, వదిలేయకూడదు. ఒకవేళ చెక్ ఇంజిన్ లైటు వెలిగితే గొట్టాన్ని అనుమానించకండి, కింద పనిచేస్తూ ఏ సెన్సర్ వైరునో లాగేశారేమో వెతకండి.

దించాక

మొదటి పదిహేను ఇరవై నిమిషాలు గొట్టాల నుంచి పొగ, కాలిన నూనె వాసన వస్తాయి. తయారీలో అంటిన నూనె అది. కిటికీలు దించి నడపండి. వీధి దాటేదాకా ఆర్‌పీఎం తక్కువలోనే ఉంచండి. మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది శబ్దం గురించి కాదు, వీధిలో కారును స్టాండ్ల మీద పెట్టినందుకు. అయినా తెల్లవారుజామున కోల్డ్ స్టార్ట్ ఉరుము పక్కింటి పసిపిల్లను లేపుతుంది, అది ఏ సంఘమూ చెప్పనక్కర్లేదు.

ఆ మొదటి ప్రయాణం తర్వాత కారు పూర్తిగా చల్లారాక, అంటే మర్నాడు పొద్దున, క్లాంపులూ ఫ్లాంజ్ బోల్టులూ ఒకసారి బిగించి చూడండి. పావు చుట్టు తప్పకుండా పడుతుంది. ఇంకో 100 మైళ్లు తిరిగాక మళ్లీ. రెండోసారి ఏ బోల్టూ కదలకపోతే పని అయినట్టే. స్టెయిన్‌లెస్ బంగారు రంగుకూ, ముందు భాగంలో నీలానికీ తిరగడం మామూలే, తుప్పు కాదు.

పాత సైలెన్సర్లు పారేయకండి. కారు అమ్మేటప్పుడు కొనేవాడు అసలువి అడుగుతాడు, లేదా అసలువి బిగించి కొత్తవి విడిగా అమ్ముకోవచ్చు. బోల్టులను ఒక జిప్ సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి పైపుకే టేపుతో అంటించండి. మావి గరాజ్‌లో బియ్యం బస్తాల వెనక ఉన్నాయి, ఎప్పుడు తీస్తావని ఇంట్లోవాళ్లు నెలకోసారి అడుగుతారు.